త్రినాథ్ వడ్డించిన బంతి

త్రినాథ్ రాసిన ప్రోగ్రాంకి ఆగడం తెలియదు. రాసినవాడికీ తెలియదు.

కాకినాడ భానుగుడి సెంటర్లో ఒక మందుల షాపు మేడ మీద మా ఆఫీసు. చిన్న చిన్న షేర్ బ్రోకర్లకి కంప్యూటర్ తెర మీద ధరలు చూపించడం మా పని. ఆ ధరలు మా దగ్గర పుట్టవు. ముంబైలో ఒక కంపెనీ వాటిని పోగుచేసి, మాలాంటి వాళ్ళందరికీ ఫీడుగా ఇస్తుంది. ఒక కంపెనీ పొట్టిపేరు, దాన్ని సింబల్ అంటారు, మేం పంపిస్తే అటునుంచి దాని ధర వస్తుంది. అడగాలి, ఇస్తారు. ఇందులో గొడవ పడ్డానికి ఏముందనిపిస్తుంది కదా. త్రినాథ్ వచ్చేదాకా నాకూ అలాగే అనిపించేది.

ఆఫీసు వీరభద్రం మాస్టారిది. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక దీన్ని పెట్టారు. ఆయన్ని మేమెవరం సార్ అనం, మాస్టారనే అంటాం. మాకొచ్చిన పనంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. అయితే ఏదైనా సందేహం అడిగితే మాత్రం పాఠం చెప్పరు. “చెప్పాల్సిందంతా కాలేజీలోనే చెప్పేశానమ్మా, గొంతులో ఇంకేం మిగల్లేదు” అని నవ్వేస్తారు. నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

పాత ప్రోగ్రాం ఆయన రాసిందే. పేరున్న కంపెనీలు కొన్నింటి ధరలు మాత్రమే చూపించేది. బ్రోకర్లకి అది చాలడం లేదు. మార్కెట్లో ఉన్న కంపెనీలన్నీ ఒకే తెర మీద కావాలన్నారు. వేలల్లో ఉంటాయవి.

ఆ పని త్రినాథ్ నెత్తికెత్తుకున్నాడు. చేరి ఏడాది కూడా కాలేదు. తెలివైనవాడు, చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. పాత ప్రోగ్రాం తెరిచి చూసి మాస్టారి ఎదురుగుండానే “ఇది ఎడ్లబండి మాస్టారూ” అనేశాడు.

మాస్టారు ఏమాత్రం నొచ్చుకోలేదు. “అవునోయ్, ఎద్దులు కూడా ముసలివైపోయాయి. నువ్వు కారు కట్టు” అన్నారు.

కట్టాడు. మొదటిసారి నడిపిన రోజు మేమంతా వాడి వెనక నిలబడి చూశాం. మీట నొక్కగానే తెర నిండా ధరలు భగ్గుమన్నాయి. నేను చప్పట్లు కూడా కొట్టాను. కొట్టిన చేతులు దించేలోగా ధరలన్నీ మాయమై వాటి చోట గీతలొచ్చాయి. మధ్యలో ఎర్రక్షరాలతో ఇంగ్లీషులో ఒక వాక్యం. తెలుగులో చెప్పుకుంటే, “మీరు అడగడం మితిమీరింది. కాసేపు ఆగి మళ్ళీ అడగండి.”

“ఆగడమేంటక్కా?” అన్నాడు త్రినాథ్ నాతో. “వాళ్ళ సర్వర్‌కి నీరసమైతే నేనెందుకు ఆగాలి?”

వాడి ప్రోగ్రాం వేల పేర్లనీ విడివిడిగా, అన్నింటినీ ఒక్క ఊపులో అడిగేస్తుంది. జవాబు రాకముందే మళ్ళీ అడుగుతుంది. పొద్దుట్నుంచీ ఒక్క షేరు కూడా చేతులు మారని కంపెనీని కూడా క్షణక్షణం కదిపి అడుగుతుంది. వద్దంటే ఊరుకోవాలి కదా. ఊరుకోదు. వద్దన్న వెంటనే ఇంకోసారి అడిగేలా వాడు దాన్ని మార్చాడు. అప్పటికీ వద్దంటే నాలుగు దారుల్లోంచి ఒకేసారి అడిగేలా మార్చాడు. వాడి లెక్క ప్రకారం అది పట్టుదల.

ఫీడు కంపెనీ ఆ మధ్యాహ్నం మా లైను ఆపేసింది. ఎర్రక్షరాలు కూడా రాలేదు. తెర నల్లగా అలా ఉండిపోయింది.

కాసేపటికి ఫోన్ మోగింది. అటు సుభాషిణి గారు. ఫీడు కంపెనీలో మా ఖాతా చూసేది ఆవిడే. పుట్టిల్లు బొబ్బిలి కాబట్టి నాతో తెలుగులోనే మాట్లాడతారు. ఎప్పుడూ కులాసాగా పలకరించే మనిషి, ఆ రోజు గొంతు మారిపోయింది.

“అలివేలు గారూ, మీ ప్రోగ్రాం ఒక్కదాని వల్ల మా దగ్గర మిగతా అందరికీ ధరలు ఆలస్యమైపోతున్నాయండీ. ఈసారికి లైను మళ్ళీ తెరిపించాను. ఇంకొక్కసారి ఇలా జరిగితే పూర్తిగా తీసేస్తారు. మళ్ళీ ఇవ్వరు. ఆపడం నా చేతుల్లో లేదు.”

ఫోన్ పెట్టేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కొత్త తెర సోమవారం మార్కెట్ తెరిచే వేళకి సిద్ధమని బ్రోకర్లందరికీ మాటిచ్చేశాం. లైనే పోతే కొత్త తెరా ఉండదు, పాతదీ ఉండదు. ఆఫీసు మూసుకుని తలో దారీ చూసుకోవాలి. నాకు నిజంగా భయమేసింది.

భయం త్రినాథ్‌కీ వేసింది. వాడి మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. కానీ భయాన్ని కోపంగా మార్చుకోవడం వాడికి బాగా అలవాటు. సరాసరి మాస్టారి గదిలోకి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది కాబట్టి అన్నీ నాకు వినిపించాయి.

“మాస్టారూ, నా ప్రోగ్రాంలో తప్పు లేదండి. ఎన్నిసార్లైనా చూసుకోండి. డబ్బు కట్టాం, ధరలడుగుతున్నాం. మనకి రావాల్సిందే కదా అడుగుతున్నాం? ఇవ్వడం చేతకాక వాళ్ళు మనల్ని అంటున్నారు. నన్నేం చెయ్యమంటారు?”

మాస్టారు చెవి గోక్కున్నారు.

“ఆదివారం వనభోజనాలకి వస్తున్నావా?”

త్రినాథ్ బిత్తరపోయాడు. “వస్తున్నానండి.”

“వడ్డిస్తావా?”

“వడ్డన ఎంతసేపండి? ఎంతమందున్నా నేనొక్కణ్ణే వడ్డించేస్తాను.”

“ఆయ్,” అన్నారు మాస్టారు, ఎంతో సంబరంగా. “అయితే మొదటి బంతి నీదే.”

నేను తల పట్టుకున్నాను. కొంపలంటుకుంటుంటే ఈయనకి కార్తీకమాసం గుర్తొచ్చిందని లోపల్లోపలే తిట్టుకున్నాను.

ఆదివారం పిఠాపురం అవతల ముత్యాలరావు గారి తోటకి వెళ్ళాం. ముత్యాలరావు గారు తునిలో బ్రోకరు. మా తెర అందరికన్నా ముందు కొనుక్కున్నది ఆయనే. మిగతా బ్రోకర్లూ పిల్లాపాపలతో వచ్చారు. ఉసిరిచెట్టు కింద పూజయింది. వంటకి మనుషుల్ని పెట్టుకున్నా, వడ్డన మాత్రం ఆఫీసు వాళ్ళే చెయ్యాలన్నది మాస్టారి నియమం. ఏటా మేమంతా నడుం బిగించి చెయ్యాల్సిందే. ఈసారి నన్ను కూడా బంతిలో కూర్చోమన్నారు.

“మరి వడ్డనో?” అన్నాను.

“త్రినాథ్ ఉన్నాడుగా.”

నేలమీద చాపలు పరిచి అరిటాకులు వేశారు. రెండు వరసలు ఎదురెదురుగా. అందరూ కూర్చున్నాక మాస్టారు వెంటనే కూర్చోలేదు. బంతి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తూ ఒక్కొక్కరి చెవి దగ్గరా వంగి ఏదో చెబుతున్నారు. పెద్దమనిషి కదా, మర్యాద చేస్తున్నారనుకున్నాను. నా దగ్గరికీ వచ్చారు.

“అలివేలమ్మా, మొహమాటపడకు. ఏం కావాలన్నా త్రినాథ్‌ని అడుగు. పెట్టేదాకా ఆగకు, అడుగుతూనే ఉండు.”

“అదేంటండీ?”

“ఆకలితో ఉన్నావు కదమ్మా,” అని వెళ్ళి తన ఆకు ముందు బాసింపట్టు వేసుకున్నారు.

త్రినాథ్ కండువా నడుముకి బిగించి వచ్చాడు. అప్పటికే ఆకుల్లో ఉప్పు, ఊరగాయ వేసేసి ఉన్నాయి. వాడు అన్నం వడ్డించాడు. ఎంత వేగంగా పెట్టాడంటే మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆ తర్వాత పప్పు గిన్నె తీసుకుని ఈ కొసకి వచ్చాడు. అక్కడ మొదలైంది.

“త్రినాథ్, పప్పు,” అన్నారు మాస్టారు.

వాడు అటు తిరిగాడు. గరిటె ముంచేలోపే “నెయ్యి” అన్నారు. వాడు పప్పు గిన్నె కింద పెట్టి నెయ్యి కోసం పరిగెత్తాడు. నెయ్యితో వచ్చేసరికి “పప్పేది బాబూ?” అన్నారు.

ఈలోగా ఎదుటి వరసలోంచి ముత్యాలరావు గారు గొంతు సవరించుకున్నారు. “పులిహోర వచ్చిందా అబ్బాయ్?”

“తెస్తున్నానండి.”

“వచ్చిందా?”

“ఇదిగోనండి, తెస్తున్నాను.”

“ఇంకా రాలేదా?”

ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ రోజు మాత్రం ఊపిరి తీసిన ప్రతిసారీ పులిహోర గురించి వాకబు చేశారు. ఆయన పక్కనున్న అమలాపురం బ్రోకరు గారు ఒక వేలు చూపించి కూర అంటారు, ఇంకో వేలు చూపించి చారంటారు. వాళ్ళావిడ మంచినీళ్ళన్నారు. గ్లాసు నిండుగానే ఉంది, అయినా అన్నారు. మాస్టారి భార్య సావిత్రమ్మ గారు “నాకేమైనా తెచ్చావా నాయనా?” అని అడిగారు. ఏం కావాలమ్మా అంటే “ఏదైనా మారిందేమోనని” అన్నారు.

నేను మాత్రం ఊరుకుంటానా? బూరెలన్నాను. ఒకటి తెచ్చి వేశాడు. వెంటనే ఇంకోటి అన్నాను. అది తేవడానికి వెళుతుంటే వెనక నుంచి మళ్ళీ బూరెలని కేకేశాను. పాపం, వాడు ఒక్కొక్క బూరె కోసం వంటశాలకి ఒక్కొక్కసారి పరిగెత్తాడు. నాకు ఆ వారమంతా పట్టిన బెంగ అక్కడ తీరింది. చాలా హాయిగా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి.

వాడు ఎంత వేగంగా తిరిగితే మేం అంత వేగంగా అడిగాం. బంతిలో సగం ఆకుల్లో వట్టి అన్నమే. ఇంకో సగంలో అడగని కూరలు. దప్పళం నా ఆకులో పడాల్సింది పక్కావిడ చీర మీద పడింది. వాడి చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

“పులిహోర...” అని ముత్యాలరావు గారు మళ్ళీ మొదలుపెట్టారు.

“నెయ్యి,” అన్నారు మాస్టారు.

“బూరె,” అన్నాను నేను.

త్రినాథ్ రెండు వరసల మధ్యా ఆగిపోయాడు. చేతిలో బక్కెట్టు దడాలున కింద పెట్టాడు.

“ఆగండి!”

తోటంతా వినిపించింది. వంటవాళ్ళు కూడా తొంగి చూశారు.

“ఎవరూ ఏమీ అడక్కండి! ఇలా అందరూ ఒకేసారి మీద పడితే ఎవరికి పెట్టేది? తెస్తున్నానంటే వినరు, మళ్ళీ అదే అడుగుతారు. ఇదేమైనా పద్ధతా అండీ? మితిమీరిపోతోంది! కాసేపు ఆగండి. ఆగి, అప్పుడు...”

ఆ తర్వాతి మాట వాడి నోట్లోనే ఉండిపోయింది.

బంతిలో ఎవరూ నవ్వలేదు. నవ్వొద్దని మాస్టారు ముందే చెప్పి ఉండాలి, లేకపోతే నేను ఆగగలిగేదాన్ని కాదు. వాడు అలా తెరిచిన నోటితోనే నన్ను చూశాడు. ముత్యాలరావు గారిని చూశాడు. చివరికి మాస్టారిని చూశాడు.

“ఆయ్. అలాగేనండి,” అన్నారు మాస్టారు.

అని, చెయ్యి ఆకు మీంచి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నారు. వేళాకోళమేమీ లేదు ఆ మొహంలో. నెయ్యి లేదు, పప్పు లేదు, ముందర వట్టి అన్నం చల్లారిపోతోంది. ఆయన మాత్రం ఇంటికొచ్చిన చుట్టంలా ఎంతో వినయంగా కూర్చున్నారు. ఆయన్ని చూసి మేమంతా చేతులు వెనక్కి తీసుకున్నాం. పిల్లలు కూడా ఊరుకున్నారు.

అంతమంది తన కోసం అలా కాచుకుని కూర్చోవడం వాడెప్పుడూ చూసి ఉండడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు వాడి మీద జాలేసింది, ముద్దూ వచ్చింది.

భుజంతో మొహం తుడుచుకున్నాడు. వంగి పప్పు గిన్నె తీసుకున్నాడు. ఈ కొస నుంచి మొదలుపెట్టి, ఎవరి వంకా చూడకుండా, ప్రతి ఆకులో ఒక గరిటె వేసుకుంటూ ఆ కొస దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి నెయ్యి తీసుకున్నాడు. మళ్ళీ ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఆ తర్వాత బక్కెట్టు నిండా పులిహోర. ఆ తర్వాత పళ్ళెం నిండా బూరెలు. పరిగెత్తడం మానేశాడు. చిత్రమేమిటంటే మా ఆకులు ఇట్టే నిండిపోయాయి.

అన్నీ అయ్యాక వంటశాలకి వెళ్ళలేదు. బంతి చివర నిలబడ్డాడు, చేతిలో గరిటెతో. కడుపు నిండినవాళ్ళని పోరలేదు. ఎవరి ఆకు ఖాళీ అవుతోందో చూసుకున్నాడు. సావిత్రమ్మ గారు తలెత్తితే పెరుగు పట్టుకెళ్ళాడు. అమలాపురం ఆవిడ ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే దాటేశాడు.

మాస్టారు చారన్నంలోకి వచ్చారు. తలొంచుకుని జుర్రుకుంటున్నారు. వాడు రెండుసార్లు ఆయన ముందు ఆగాడు, ఏమైనా అంటారేమోనని. ఆయన చారు బాగుందన్నారు, అంతే.

తిరుగు ప్రయాణంలో బస్సులో మేమంతా అంత్యాక్షరి పాడుకుంటుంటే త్రినాథ్ వెనక సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దగ్గరికెళ్ళి చూశాను. కొత్తగా ఏమీ రాయడం లేదు. రాసినదాంట్లోంచి పేరాలకి పేరాలు తీసేస్తున్నాడు.

“అన్నీ తీసేస్తే ఏం మిగులుతుందిరా?” అన్నాను.

“మిగులుతుందక్కా,” అన్నాడు.

సోమవారం పొద్దున్న మార్కెట్ తెరిచే వేళకి మేమంతా వాడి వెనక నిలబడ్డాం. ఈసారి నేను చేతులు కట్టుకునే ఉన్నాను. మాస్టారు రాలేదు. తన గదిలో పేపరు చదువుకుంటున్నారు. ఆయనకెలా మనసొప్పిందో నాకర్థం కాలేదు.

వాడు మీట నొక్కాడు.

తెర భగ్గుమనలేదు. పైన ఒక వరస పేర్ల పక్కన ధరలు వచ్చాయి. ఆ కింద ఇంకో వరస. ఆ కింద ఇంకోటి. ఎర్రక్షరాలు ఎక్కడొస్తాయోనని నేను చూస్తున్నాను. ఒకచోట మాత్రం వరస కొంచెంసేపు ఆగింది. వాడి చెయ్యి మీట దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. వరస తనంతట తనే మళ్ళీ కదిలింది. పైన అప్పటికే వచ్చేసిన ధరల్లో ఏది మారితే అది మాత్రమే మిణుక్కుమంటోంది. తక్కినవి వాటి మానాన అవి ఉన్నాయి.

తుని నుంచి ముత్యాలరావు గారు ఫోన్ చేశారు. “అన్నీ వస్తున్నాయండోయ్! మా వీధిలో ఎవడికీ లేదు ఇలాంటి తెర,” అన్నారు. నేను చప్పట్లు కొట్టాను. ఈసారి దించాల్సిన పని పడలేదు.

అంతలో రెండో ఫోన్ మోగింది. ముంబై నుంచి. నేను తీయబోతే త్రినాథ్ నా చేతిలోంచి అందుకుని అందరికీ వినపడేలా పెట్టాడు.

“ఏమండీ, సుభాషిణిని. మీ ఆఫీసుకి ఇవాళ సెలవా?”

“లేదండి. నడుస్తోంది.”

“నడుస్తోందా? మీ వైపు నుంచి చప్పుడే లేదు, లైను తెగిందేమోనని చేశాను. ఇవాళ ఇక్కడ జాతరలా ఉందండీ, అందరూ ఒకేసారి పడి అడిగేస్తున్నారు. మీకేమైనా ఆలస్యమవుతోందా?”

త్రినాథ్ తెర వంక చూశాడు. అట్టడుగున రెండు వరసల పేర్ల పక్కన ఇంకా ఖాళీగానే ఉంది. మాస్టారి గదిలో పేపరు చప్పుడు ఆగింది.

“ఆయ్, కొంచెం అవుతోందండి,” అన్నాడు వాడు. “పర్లేదు. ముందు వాళ్ళకి పెట్టండి.”